పాములతో చెలిమి

బాల్యమున కోరికలకు కొదువ లేదు. ఒకరు చిలుకను పెంచవలెనని ముచ్చటపడుదురు. ఒకరు కుక్కపిల్లను తెచ్చి పెరటిలో కట్టుదురు. మరియొకరు పావురములకు గూడు కట్టి, అవి ఎగిరిపోయి మరల వచ్చుటను చూచి ఆనందింతురు. ఈ కోరికలలో పెక్కులు కొంతకాలమునకు సడలిపోవును. కాని ఒకానొక బాలునికి కలిగిన కోరిక విచిత్రమైనది. అతడు పామును పెంచదలచెను. ఏండ్లు గడచినను ఆ కోరిక సడలలేదు. అది అతనితో కూడ పెరిగెను. పెరుగుచు రూపు మారెను. తుదకు మనుష్యులకును పాములకును గూడ మేలు చేకూర్చెను. ఆ బాలుని పేరు రోములస్ విటేకర్. పామును పెట్టెలో దాచుకొనవలెనన్న తలంపు, పామును దాని చోటనే బ్రదుకనీయవలెనన్న తలంపుగా ఎట్లు మారెనో ఆయన జీవితము వలన తెలియగలదు.

విటేకర్ 1943వ సంవత్సరమున అమెరికాలోని న్యూయార్కు నగరమున జన్మించెను. ఆయన శైశవము ఒక పల్లెపట్టున గడచెను. రాళ్లను తిరుగవేసి వాని క్రింద పురుగులను వెదకుట ఆ పసివానికి గొప్ప వేడుక. ఒకనాడు అతనికి విషము లేని చిన్నపాము దొరకెను. అతడు దానిని చేతబట్టుకొని ఇంటికి వచ్చి తల్లికి చూపెను. సామాన్యముగా అట్టి సమయమున ఏ తల్లి యైనను కెవ్వున అరచును. ఆమె అరవలేదు, దానిని చంపుమనలేదు, ఎంత అందముగా నున్నదని మెచ్చుకొనెను. తరువాత పాములను గూర్చిన పుస్తకమును కొని కుమారుని చేతికిచ్చెను. పసివాని మనస్సునందు భయము నాటుకొనవలసిన చోట ఆసక్తి నాటుకొనెను. పెద్దలు పలికిన ఒక్క మాట పిల్లల బ్రదుకును ఏ దారి కైనను త్రిప్పగలదనుటకు ఇది నిదర్శనము.

1951లో ఆ కుటుంబము భారతదేశమునకు వచ్చెను. తల్లి భారతీయుడైన రామా చటోపాధ్యాయను వివాహమాడియుండెను. ఆయన కమలాదేవీ, హరీంద్రనాథ చటోపాధ్యాయ దంపతుల కుమారుడు. హరీంద్రనాథుడు హైదరాబాదున జన్మించిన కవి, సరోజినీదేవికి తమ్ముడు. ఈ విధముగా అమెరికాలో పుట్టిన బాలుడు, తెలుగునాట పేరొందిన ఒక కుటుంబముతో చుట్టరికము కలవాడయ్యెను. బొంబాయి నగరమునకు చేరిన ఎనిమిదేండ్ల ఆ బాలునికి ఈ దేశము ఒక అద్భుతలోకమువలె తోచెను. తాను పుస్తకములలో చదివిన నాగుపాము ఇచ్చట వీథులలో పాములవాని బుట్టలో కనబడుచుండెను!

కొంతకాలమునకు అతనిని దక్షిణమున పళని కొండలపై నున్న కొడైకెనాల్ పాఠశాలలో చేర్చిరి. చుట్టును అడవులు, వాగులు, పచ్చికబయళ్లు. పాఠములకంటె అడవియే అతనికి ప్రియమైన గురువయ్యెను. అచ్చట అతని చిరకాలపు కోరిక నెరవేరెను. అతడు ఒక కొండచిలువను సంపాదించి, పెట్టెలో పెట్టి, వసతిగృహమునందు తన మంచము క్రింద ఉంచుకొనెను. కొండచిలువకు విషము లేదు. అది తన యెరను చుట్టలతో బిగించి ఊపిరాడనీయక చంపి మ్రింగును. ఒకసారి కడుపు నిండినచో దినములు, ఒక్కొక్కప్పుడు వారములు కదలక పడియుండును. కావున దానిని పోషించుట పెద్ద శ్రమ కాదు. అయితే ఆ దినములలో ఇట్టి పెంపకమును నిషేధించు చట్టము దేశమున లేదు. నేడు అట్లు చేయుట నేరము.

పామును పెంచువానికి ఒక పాముతో తృప్తి కలుగదు. ఇంకను అరుదైనది, ఇంకను గొప్పది కావలెనని మనసు కోరుచుండును. పాములను ప్రేమించువారి కోరికల కెల్ల శిఖరమువంటిది రాచనాగు. మన విశాఖ మన్యమున దీనిని గిరినాగు అనియు పిలుతురు. లోకమునందలి విషసర్పములలో ఇదియే మిక్కిలి పొడవైనది. 18 అడుగుల వరకు పెరుగును. కోపము వచ్చినప్పుడు శరీరములో మూడవ వంతు నిటారుగా పైకెత్తి, నిలుచుండిన మనుష్యుని ముఖమునకు ఎదురుగా చూడగలదు. మామూలు నాగుపాము పడగవలె దీని పడగ వెడల్పు కాదు; సన్నముగా, పొడవుగా నుండును. దీని బుస కుక్క గుర్రుమన్నట్లు గంభీరముగా వినబడును.

రాచనాగు ఆహారము మరియు విచిత్రము. ఎలుకలు, కప్పలు దీనికి రుచింపవు. ఇది ముఖ్యముగా ఇతర పాములను తినును. జెఱ్ఱిపోతులు, నాగుపాములు దీనికి ఎర. అందుచేతనే దీని శాస్త్రీయ నామమునందు పాములను భక్షించునది అను అర్థము గల గ్రీకు పదము చేరినది. ఇట్టి జంతువును పెట్టెలో ఉంచి పెంచదలచినవాడు దానికి పాములనే మేపవలెను. ఒక పామును పోషించుటకై పెక్కు పాములను చంపవలసి వచ్చును. ప్రేమ పేరిట చేయు పెంపకములో ఎంత నష్టము దాగియున్నదో ఈ యొక్క విషయమే చెప్పుచున్నది.

పాఠశాల ముగిసిన పిదప 1961లో విటేకర్ ఉన్నతవిద్యకై అమెరికాకు మరలెను. కాని కళాశాలలో మనసు నిలువలేదు. చదువు మాని, కొంతకాలము ఓడలపై పనిచేసెను. అనంతరము ఫ్లారిడా రాష్ట్రములోని మయామీ నగరమున బిల్ హాస్ట్ అను ప్రసిద్ధుని సర్పశాలలో ఉద్యోగిగా చేరెను. హాస్ట్ కూడ బాల్యము నుండి పాములను గూర్చియే కలలు కన్నవాడు. ఆయన 1947లో ఆ శాలను తెరచి, సందర్శకుల యెదుట పాముల విషమును తీసి, ఆ విషమును పరిశోధనశాలలకు అందించుచుండెను. తన జీవితములో 170 సారులకు పైగా పాముకాటునకు గురియైనను ఆయన నూరేండ్లు బ్రదికి 2011లో మరణించెను. అది ఎల్లరకును సాధ్యమైన విషయము కాదు. కాటువలన ఆయన చేతివ్రేళ్లు వికృతములయ్యెను. పలుమారులు ప్రాణములు పోవు స్థితి కలిగెను.

ఈ గురువు వద్ద విటేకర్ రెండు సత్యములను నేర్చుకొనెను. పాము ఆటవస్తువు కాదనునది మొదటిది. ఎన్ని ఏండ్లు పెంచినను అది యజమానిని గుర్తించి తోక ఆడించునట్టి జంతువు కాదు. దానికి కృతజ్ఞత లేదు, పగయు లేదు. భయము కలిగిన క్షణమున తన్ను తాను కాపాడుకొనుటకు కరచును. విటేకర్ సైతము తోకచివర గిలకవంటి గుల్లలు గల గిలకపాము చేత కరవబడి ఈ పాఠమును తన శరీరమున అనుభవించెను. ఇక రెండవ సత్యము, ప్రాణములు తీయు విషమే ప్రాణములు నిలుపు మందునకు మూలమనునది. ఈ రెండవ సత్యము తరువాతి కాలమున ఆయన చేసిన గొప్ప కార్యమునకు పునాది యయ్యెను.

కొంతకాలము సైన్యమునందు వైద్య ప్రయోగశాలలో పనిచేసిన తరువాత, 1967లో విటేకర్ భారతదేశమునకు తిరిగివచ్చెను. తరువాత ఈ దేశపు పౌరసత్వమును స్వీకరించెను. మద్రాసు పరిసరములలో ఆయనకు ఇరులవారితో పరిచయము కలిగెను. ఇరులవారు తమిళదేశపు ఆదిమవాసులు. మన నెల్లూరు సీమలోని యానాదులవలె వీరును ఎలుకలను పట్టుటయందును, మూలికలను గుర్తించుటయందును నేర్పరులు. పాములను పట్టుటలో వీరికి సాటి లేరు. దుమ్ములో కనబడు సన్నని జాడను చూచి, అది ఏ పాము జాడయో, ఏ వైపునకు పోయినదో, ఎంతసేపటి క్రితము పోయినదో చెప్పగలరు. ఎలుక కన్నము వాకిట అంటుకొనిన చిన్న పొలుసును చూచి లోపల పాము కలదని తెలిసికొందురు. గడ్డపారయు గోనెసంచియు వారి సాధనములు. బడి యెరుగని ఈ పండితులను విటేకర్ గురువులుగా భావించి, వారి వెంట చేలగట్లపై తిరిగి విద్య నేర్చుకొనెను.

అయితే ఆ విద్య ఏ పనికి వినియోగపడుచున్నదో చూచి ఆయన నొచ్చుకొనెను. ఆ కాలమున పాము చర్మములకు విదేశములలో గిరాకి మెండు. సంచులు, పాదరక్షలు, నడికట్లు చేయుటకై ఏటేట లక్షలకొలది చర్మములు ఎగుమతి యగుచుండెను. ఇరులవారు పట్టి తెచ్చిన పాముకు వర్తకుడు కొలదిపాటి రొక్కము ఇచ్చును, లాభమంతయు వర్తకునిది. అడవిలో పాములు తరిగిపోవుచుండెను. గుడిసెలో ఆకలి తీరకుండెను. చేలలో పాములు తరుగగా ఎలుకలు పెచ్చుపెరిగి ధాన్యము తినివేయును. ఒక్క జెఱ్ఱిపోతు రైతునకు జీతము లేని కాపరివంటిది. దానిని చంపి చర్మము అమ్ముట, కాపరిని చంపి వాని గొంగళిని అమ్ముటవంటిది.

ప్రజలకు పాములనుగూర్చి తెలియకున్నంత కాలము వానిని కాపాడుట అసాధ్యమని విటేకర్ గ్రహించెను. 1969లో మద్రాసు శివారున సేలైయూరు వద్ద ఒక చిన్న సర్పోద్యానమును నెలకొల్పెను. దేశమున అట్టిది అదియే మొదటిది. 1972లో అది గిండీకి మారి, మరింత పెద్దదై, అశేష ప్రజలను ఆకర్షించెను. బాల్యమున మంచము క్రింద ఒక్కడు చూచి ఆనందించిన పాము, ఇప్పుడు వేలకొలది ప్రజలు చూచి నేర్చుకొను పాఠమయ్యెను. చెన్నైలో ఆ ఉద్యానము నేటికిని ఉన్నది.

అచ్చటికి వచ్చినవారికి పాములనుగూర్చిన అపోహలను పోగొట్టుట ముఖ్యోద్దేశము. పాము పాలు త్రాగునని మనవారు నమ్ముదురు. నాగులచవితినాడు పుట్టలో పాలు పోయుదురు. భక్తి వేరు, జంతువు స్వభావము వేరు. పాము మాంసాహారి, పాలు దాని ఆహారము కాదు. పాములవాడు నీరియ్యక దినములతరబడి మాడ్చిన పాము దాహముచే పాలనైనను త్రాగవచ్చును. కాని దానివలన దానికి హానియే కలుగును. పాము నాగస్వరమునకు పరవశించి ఆడునని చెప్పుదురు. పామునకు బయటికి కనబడు చెవులు లేవు. అది నేల యదురును చక్కగా గ్రహించును. గాలిలోని మందస్వరములను కొంతమేరకు వినగలదు. పాములవాని బుర్ర అటునిటు కదలుచుండగా, తనకు అపాయమేమో యని దానినే చూచుచు తల త్రిప్పును. అది నాట్యము కాదు; భయము. పాము పగపట్టి వెంటాడునను మాటయు నిజము కాదు. మన దేశమున 300కు పైగా సర్పజాతులు కలవు. వానిలో అధికభాగము మనుష్యునికి హాని చేయజాలనివి.

1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చెను. 1976లో పాము చర్మముల ఎగుమతి నిషేధింపబడెను. పాములకు మేలు కలిగెను. కాని ఇరులవారి బ్రదుకుతెరువు తెగిపోయెను. చట్టము చేయుట సులభము; దానివలన కూడు పోయిన వారికి మరియొక దారి చూపుట కష్టము. ఈ చిక్కును విప్పుటకై 1978లో విటేకర్ తోడ్పాటుతో ఇరుల సర్పగ్రాహకుల సహకారసంఘము ఏర్పడెను. మహాబలిపురపు దారిలో వడనెమ్మేలి వద్ద ఆయన 1976లో స్థాపించిన మొసళ్ల సంరక్షణకేంద్రపు ఆవరణమున ఈ సంఘము పనిచేయుచున్నది.

ఈ సంఘమువారు పామును చంపరు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర అను నాలుగు జాతులను మాత్రము ప్రభుత్వపు అనుమతితో పట్టుదురు. మన దేశమున పాముకాటు మరణములు అధికముగా ఈ నాలుగింటివలననే కలుగుచున్నవి. పట్టిన పామును మట్టికుండలో నుంచి, కుండమూతికి గుడ్డ కట్టుదురు. వారమున కొకసారి చొప్పున మూడు నాలుగు సారులు విషము తీయుదురు. పాము తలను మెల్లగా పట్టుకొని, పలుచని పొర బిగించిన గాజుపాత్ర అంచుపై ఆనింపగా అది కొరుకును. కోరలనుండి పసుపువన్నె గల విషము బొట్లుబొట్లుగా పాత్రలో పడును. ఆ పిదప పొట్టక్రింది పొలుసులపై చిన్న గురుతు చేసి పామును అడవిలో విడిచిపుచ్చుదురు. విషము దానికి మరల ఊరును. గురుతున్న పాము మరల దొరకినచో, వెంటనే విషము తీయక వదలివేయుదురు.

ఆ విషమును ఎండబెట్టి పొడిచేసి మందుల తయారీ సంస్థలకు అమ్ముదురు. అచ్చట దానిని స్వల్పమోతాదులలో గుఱ్ఱములకు ఎక్కింతురు. గుఱ్ఱపు నెత్తుటిలో ఆ విషమును ఎదిరించు పదార్థములు పుట్టును. ఆ నెత్తుటినుండి వానిని వేరుచేసి శుద్ధిచేయగా పాముకాటునకు విరుగుడు మందగును. ఊరి వైద్యశాలలో రోగికి ఎక్కించు ఆ చిన్న సీసా వెనుక ఒక పామును, ఒక గుఱ్ఱమును, చేలగట్టున జాడ వెదకిన ఒక ఇరులవాడును ఉన్నారు. తోలు ఒలుచుటకై పాములను పట్టిన చేతులే ప్రాణములు నిలుపుటకై పాములను పట్టుచున్నవి. విద్య అదియే, దాని గమ్యము మారినది.

ఇన్ని పనులు చేయుచున్నను విటేకర్ మనసునందు రాచనాగు మెదలుచునే యుండెను. 1971లో కర్ణాటకములోని ఆగుంబె అడవిలో ఆయనకు అది మొదటిసారి స్వేచ్ఛగా తిరుగుచు కనబడెను. ఆగుంబె పశ్చిమ కనుమలలోని ఒక చిన్న ఊరు. అచ్చట ఏడాదికి 7,000 మిల్లీమీటర్లకు మించి వాన కురియును. చెట్ల కొమ్మలు ఆకాశము కనబడకుండ కమ్ముకొనియుండును. ఆ చీకటిపచ్చని అడవిలో తల యెత్తి చూచు రాచనాగును కన్నవానికి, గాజుపెట్టెలో చుట్టచుట్టుకొని పడియుండు రాచనాగు దాని నీడగా మాత్రమే తోచును. ఆ యడవిని ఆయన మరువలేదు. మూడు దశాబ్దులకు పైగా గడచిన పిదప 2005లో, తనకు లభించిన విట్లీ బహుమాన ధనముతో అచ్చట భూమి కొని, వర్షారణ్య పరిశోధనకేంద్రమును స్థాపించెను. రాచనాగును ఇంటికి తెచ్చుకొనవలెనన్న కోరిక, రాచనాగు ఇంటికి తానే పోయి నివసించుటతో ఈ విధముగా తీరెను.

ఆ కేంద్రమున 2008 నుండి ఒక నూతన పరిశోధన జరిగెను. పశువైద్యులు రాచనాగునకు మత్తు ఇచ్చి, శస్త్రచికిత్స చేసి, దాని శరీరమున చిన్న రేడియో యంత్రము నమర్చిరి. గాయము మానిన పిదప దానిని దొరకిన చోటనే విడిచిరి. యువ పరిశోధకులు వానలో, జలగలలో, ఏటవాలు కొండలపై దినమెల్ల ఆ యంత్రపు సంకేతములను వెంబడించి, పాము ఎచ్చట నున్నది, ఏమి తినుచున్నది, ఎంత దూరము పోవుచున్నది వ్రాసికొనిరి. అంతవరకు ఊహలకే పరిమితమైన దాని బ్రదుకు మెల్లమెల్లగా వెల్లడి యయ్యెను.

రాచనాగు గూటి కథ వానిలో మిక్కిలి మనోహరమైనది. పాములలో గూడు కట్టునది ఇదియొక్కటే యనవచ్చును. వానకాలమునకు ముందు ఆడపాము చేతులు లేని తన శరీరపు చుట్టలతోనే రాలిన ఆకులను చేరదీసి, కుప్పగా పోసి, నడుమ 20 నుండి 40 వరకు గ్రుడ్లు పెట్టును. పిదప ఆ కుప్పపై చుట్టచుట్టుకొని కావలి కాయును. ఆకులు పొరలుపొరలుగా అణగి యుండుటవలన, ఆగుంబె కుండపోత వానలలో సైతము లోపలి గ్రుడ్లు తడియక భద్రముగా నుండును. రెండు మూడు నెలలకు పిల్లలు వెలువడును. పాములను తినుట తన స్వభావము కనుక, గ్రుడ్లు పగులకముందే తల్లి గూడు విడిచి వెడలిపోవును. పుట్టిన పిల్లలకు తల్లిపోషణ లేదు. పుట్టుకతోనే విషమును, వేటయును వానికి అబ్బియుండును.

మరియొక విషయమును ఈ పరిశోధన బయలుపరచెను. ఇండ్లలోనికి వచ్చిన పామును పట్టి, దయతో దూరపు అడవిలో విడుచుట పరిపాటి. అది మేలైన పనియని అందరు తలంతురు. కాని యెఱుగని చోట విడువబడిన రాచనాగు నిలుకడ లేక బహుదూరము తిరుగాడెను. తన చోట విడువబడిన పామునకు దాగు పొదయు, నీటి రేవును, ఎర దొరకు తావును తెలిసియుండును. అన్యప్రదేశమున ఏదియు తెలియదు. కావున పామును వీలైనంత సమీపముననే విడువవలెనని పరిశోధకులు చెప్పుదురు. పామునకు అడవి యంతయు ఒక్కటి కాదు. తన అడవి వేరు.

2024లో శాస్త్రజ్ఞులు అంతకాలము ఒకే జాతిగా నెంచబడిన రాచనాగును నాలుగు జాతులుగా విభజించిరి. పశ్చిమ కనుమల రాచనాగు ప్రత్యేక జాతి యని తేలెను. కన్నడిగులు దానిని పిలుచు కాళింగ అను పేరే శాస్త్రీయ నామమున చేర్చబడెను. ఒక్క కొండల వరుసను ఆశ్రయించి బ్రదుకు అట్టి జాతి, ఆ కొండల అడవి నశించినచో మరియొక చోట మిగులదు.

అరుదైన పామును ఇంట పెంచవలెనన్న ముచ్చట ఎంతటి చేటు తేగలదో తెలియుటకు ఫ్లారిడా వృత్తాంతమును తెలిసికొనవలెను. అమెరికాలో పెక్కుమంది బర్మాదేశపు కొండచిలువ పిల్లలను వేడుకగా కొని పెంచిరి. కొన్నప్పుడు అవి రెండడుగుల పిల్లలు. కొన్ని ఏండ్లకు పది పదునైదు అడుగుల భయంకర సర్పములయ్యెను. పోషింపలేక కొందరు వానిని చాటుగా చిత్తడినేలలలో వదలిరి. వదలినవారికి అది దయయని తోచియుండును. కాని ఎవర్‌గ్లేడ్స్ అను ఆ విశాలమైన చిత్తడినేలలో వానికి శత్రువులు మిక్కిలి తక్కువ. అవి వేలకొలదిగా వృద్ధిచెందెను. వానికి భయపడుట తెలియని అచ్చటి చిన్న జంతువులు ఎరలయ్యెను. 2012లో వెలువడిన ఒక పరిశోధన ననుసరించి, కొండచిలువలు ముందుగా నెలకొనిన ప్రాంతములందు రాకూన్ అను జంతువులు కనబడుట 99 శాతము తగ్గిపోయెను.

వానిని పట్టుట అచ్చటివారికి దుస్సాధ్యమయ్యెను. అంతట 2017లో ఇద్దరు ఇరులవారిని ఫ్లారిడాకు ఆహ్వానించిరి. మాసి సడయన్, వడివేల్ గోపాల్ అను ఆ ఇద్దరితో విటేకర్ కూడ వెళ్లెను. అమెరికా నేల యెరుగకున్నను, కొండచిలువ జాడ వారికి కొత్త గాదు. రెండు వారములు తిరుగకముందే వారు 13 కొండచిలువలను పట్టిరి. పాడువడిన ఒక క్షిపణి స్థావరపు సొరంగములో దాగియుండిన 16 అడుగుల ఆడపాము వానిలో నొకటి. చర్మవర్తకుని గడప వద్ద చేయి చాచిన జాతివారు, సంపన్నదేశపు శాస్త్రజ్ఞులకు విద్య నేర్పిరి. 2018లో విటేకర్‌కు, 2023లో ఆ ఇద్దరు ఇరులవారికి భారత ప్రభుత్వము పద్మశ్రీ బిరుదము నిచ్చి గౌరవించెను.

ఈ కథ తెలుగువారికి దూరపు కథ కాదు. 2020లో ప్రకటింపబడిన ఒక పరిశోధన మన దేశమున ఏటేట సగటున 58,000 మంది పాముకాటుచే మరణించుచున్నారని అంచనా వేసెను. మరణములు మిక్కుటముగా నున్న ప్రాంతములలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణములును కలవు. చనిపోవువారు అధికముగా పల్లెటూరి రైతులు, కూలీలు. చీకటిలో దీపము లేక నడచుట, వట్టికాళ్లతో చేలలో దిగుట, నేలపై పరుండుట, గడ్డివాములలో చేయి పెట్టుట ఇందులకు కారణములు. కరచినచోట కోయుట, నోటితో పీల్చుట, గట్టిగా కట్టు కట్టుట, మంత్రము వేయించుట ఇవి యన్నియు కాలహరణములు. కొన్ని మరింత హానికరములు. ఉంగరములు, గాజులు తీసివేసి, కాటుపడిన అవయవమును కదలనీయక, ధైర్యము చెప్పుచు, వెంటనే వైద్యశాలకు చేర్చుటయే సరియైన ఉపాయము. ఇరులవారి సంఘము నుండి వచ్చు విషముతో తయారైన మందే పెక్కు పల్లెలలో ప్రాణములను నిలుపుచున్నది. రాచనాగు కాటునకు మాత్రము ఆ మందు పనిచేయదు. అయినను ఆ పాము జనులను తప్పించుకొని తిరుగునదే కాని, మీదికి వచ్చి కరచునది కాదు.

మన తూర్పు కనుమలలో, విశాఖ మన్యమునందు రాచనాగు నేటికిని బ్రదికియున్నది. జీడితోటలలోను, ఊరి ప్రక్క పొదలలోను అప్పుడప్పుడు కనబడును. కనబడినంతనే కఱ్ఱలతో కొట్టి చంపుట వెనుకటి ఆచారము. అటవీశాఖవారికి కబురు పంపి, వారు వచ్చువరకు దూరముగా నిలిచియుండుట నేడు తగిన ఆచారము. నాగులను దైవముగా కొలుచు దేశమున, పుట్టలోని నాగునకు మ్రొక్కి, పొలములోని నాగును చంపుట తగినది కాదు.

అడవిలోని పామును దూరమునుండి చూడవచ్చును, చిత్రింపవచ్చును, దాని నడకను, రంగును, కాలమును గూర్చి వ్రాసికొనవచ్చును. ఇంటికి తెచ్చుకొనుట మాత్రము చట్టమునకును, పామునకును, తెచ్చినవానికిని మేలు కాదు. ఒకనాడు కొడైకెనాల్ వసతిగృహమున మంచము క్రింద పాము నుంచుకొనిన బాలుడు, పెద్దవాడై, ఆ పెట్టె మూత తెరచెను. పాము అడవిలోనికి పోయెను. ఆయన దాని వెంట నడచెను. తనది కావలెనని కోరుటతో చెలిమి మొదలుకావచ్చును. తనదిగా బ్రదుకనిచ్చుటతోనే అది నిండును.